విదేశయాత్రలో ఫోను కూడా ఒక మందే

విదేశాలకు బయలుదేరే ముందు సలహా కోసం నా వద్దకు వచ్చే పెద్దలు సాధారణంగా మూడు ప్రశ్నలు అడుగుతారు. ఆరు నెలలకు సరిపడే మందులు ఎలా తీసుకొనిపోవాలి? విమానంలో కాళ్ళు వాయకుండా ఏం చేయాలి? ప్రయాణపు ఆరోగ్యబీమా తీసుకోవాలా? ఈ మూడింటికీ సమాధానాలు చెప్పిన తరువాత నేను వారిని ఒక ప్రశ్న అడుగుతాను. "అక్కడ ఇంటి గుమ్మం దాటిన తరువాత మీ ఫోను పనిచేస్తుందా?"

చాలామంది ఇచ్చే జవాబు ఒక్కటే. "ఇంట్లో వైఫై ఉంటుంది కదండీ, వాట్సాప్‌లో మాట్లాడుకుంటాం. దానికి మళ్ళీ వేరే ఖర్చు ఎందుకు డాక్టరు గారూ?"

ఈ జవాబులో మన తరం పొదుపు ఉంది, పిల్లలకు భారం కాకూడదన్న అభిమానమూ ఉంది. రెండూ గౌరవించదగినవే. అయితే ఒక వైద్యుడిగా ఆ జవాబు నాకు ఆందోళన కలిగిస్తుంది. అమెరికాలో పిల్లల ఇంటికి వెళ్ళిన తల్లిదండ్రుల దినచర్య ఎలా ఉంటుందో ఒకసారి ఊహించండి. ఉదయం అల్లుడూ కూతురూ ఉద్యోగాలకు, మనుమలు బడికి వెళ్ళిపోతారు. ఆ తరువాత పెద్దవారు నడకకు బయలుదేరుతారు. మధుమేహం ఉన్నవారిని రోజూ ముప్పై నలభై నిమిషాలు నడవమని చెప్పేది మా వైద్యులమే. ఇంటి వైఫై వాకిలి దాటి పది గజాలు కూడా వెంట రాదు. ఆ వీధుల్లో మనుషుల సంచారం తక్కువ, ఇళ్ళన్నీ ఒకే అచ్చులో పోసినట్లు ఉంటాయి, దారి అడగడానికి మూలమీద టీ దుకాణం ఉండదు. అంటే, రోజు మొత్తంలో మనిషి తోడు లేని ఆ గంట సేపూ ఫోను కూడా తోడు ఉండదు.

నా వద్ద చాలా ఏళ్ళు వైద్యం చేయించుకొన్న ఒక విశ్రాంత ఉపాధ్యాయుని అనుభవం చెబుతాను. వయస్సు అరవై ఎనిమిది. మధుమేహానికి గ్లిమెపిరైడ్ మాత్ర వాడేవారు. న్యూజెర్సీలో కూతురి ఇంట ఉండగా ఒకనాడు మాత్ర వేసుకొని, వచ్చాక ఫలహారం చేయవచ్చులే అని నడకకు వెళ్ళారు. తిరిగి వచ్చేటప్పుడు ఒక మలుపు తప్పారు. వెదుకుతూ మరో అరగంట నడిచారు. చెమటలు పట్టాయి, చేతులు వణికాయి, ఆలోచన మందగించింది. రక్తంలో చక్కెర 70 మిల్లీగ్రాములకు దిగువకు జారినప్పుడు కనిపించే లక్షణాలివి. జేబులో ఫోను ఉంది. అందులోని భారతీయ సిమ్‌కు రోమింగ్ లేదు, చుట్టుపక్కల వైఫై లేదు. రోడ్డు పక్కన కూర్చుండిపోయారు. కుక్కను నడిపించుకొంటూ వెళ్తున్న ఒక ఆమె చూసి, ఇంటినుండి పండ్లరసం తెచ్చి ఇచ్చి, ఆయన ఫోనులో ఉన్న కూతురి నంబరు చూసి తన ఫోనుతో పిలిచింది. కథ సుఖాంతమయింది. ఆ రోజు మాస్టారి ఖరీదైన ఫోను చేసిన సాయమల్లా పావలా చిట్టాపుస్తకం కూడా చేయగలిగినదే.

ఆయన సమస్య పండ్లరసంతో తీరింది. హృద్ఘాతమో, మస్తిష్క విఘాతమో అయితే అలా తీరదు. మెదడులోని రక్తపుగడ్డను కరిగించే మందు లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల లోపల ఇవ్వాలి. ఎంత ముందుగా ఇస్తే అంత మేలు. అందుచేత విదేశయాత్రకు ఫోను ప్లాను ఎంచుకోవడాన్ని నేను వైద్యసలహాలో భాగంగానే పరిగణిస్తాను. ధర చూడవలసిందే. కాని ఆపద వచ్చిన రోజున ఒక్క పిలుపు బయటకు వెళ్ళాలి, ఒక్క పిలుపు లోపలికి రావాలి. ఆ రెండింటికీ హామీ ఇచ్చే ప్లానులలో చవకైనదాన్ని ఎంచుకోండి. ఆ హామీ లేనిది ఉచితంగా వచ్చినా వద్దు.

ఇక్కడ ఒక విషయం తెలిసి ఉండడం మంచిది. అమెరికాలో ప్లాను లేని ఫోను నుండి కూడా 911కు చేసిన పిలుపును టెలిఫోను సంస్థలు అందించి తీరాలన్న నిబంధన ఉంది. మాస్టారికి ఈ సంగతి తెలియదు. అయితే అటువంటి ఫోనుకు నంబరు ఉండదు కనుక, మాట మధ్యలో తెగిపోతే ఆ కేంద్రంవారు తిరిగి పిలవలేరు. కూతురూ పిలవలేదు. కాబట్టి ఆ నిబంధనను ఆఖరి ఆసరాగా మాత్రమే గుర్తుంచుకోండి.

ఏ ప్రయాణానికి ఏది?

పదిహేను రోజుల లోపు ప్రయాణమైతే, అంటే సింగపూరు విహారమో, దుబాయిలో కొడుకు ఇంట వారం రోజులో, మీ భారతీయ సంస్థ అమ్మే అంతర్జాతీయ రోమింగ్ ప్యాకు సరిపోతుంది. సిమ్ మార్చే పని లేదు, నంబరు అదే ఉంటుంది, తెలుగులో అడిగి తెలుసుకోవచ్చు. ప్యాకు కొనేముందు ఆ దేశం పేరు జాబితాలో ఉందో లేదో, వచ్చే పిలుపులకు కూడా నిమిషాలు తరుగుతాయో లేదో చూడండి.

నెలల తరబడి ఉండేటప్పుడు ఆ లెక్క మారిపోతుంది. ముప్పై రోజుల ప్యాకును ఆరుసార్లు కొనడం భారమే. పైగా మీది +91 నంబరు గనుక, పక్కింటివారో ఆసుపత్రివారో మిమ్మల్ని పిలవాలంటే వారికి అది విదేశీ పిలుపు అవుతుంది, చాలామంది చేయరు. ఇటువంటప్పుడు ఆ దేశపు ప్రీపెయిడ్ సిమ్ తీసుకోవడమే మేలు. అమెరికాలో మింట్ మొబైల్, టెల్లో వంటి సంస్థలు పెద్ద సంస్థ టవర్లను వాడుకొంటూ తక్కువ ధరకు సేవలు అందిస్తాయి. మాటలకు పరిమితి లేకుండా, కొద్దిపాటి డేటాతో నెలకు పది పదిహేను డాలర్ల స్థాయిలో ప్లానులు దొరుకుతున్నాయి. ధరలు మారుతూ ఉంటాయి, కొన్ని ప్లానులకు మూడు నెలల సొమ్ము ఒకేసారి కట్టాలి, పన్నులు వేరు. ఇవన్నీ కొనేనాడు సరిచూసుకోండి. నెలకు పదిహేను డాలర్ల చొప్పున లెక్కించినా ఆరు నెలలకు తొంభై డాలర్లు. విమానం టికెట్టు ఖర్చు పక్కన పెట్టి చూస్తే ఇది పెద్ద మొత్తం కాదు.

మూడవది, పిల్లల కుటుంబ ప్లానులో మీ పేర మరో లైను చేర్పించుకోవడం. లైన్లు పెరిగేకొద్దీ ఒక్కొక్కదాని ఖర్చు తగ్గే ప్లానులు ఉన్నాయి. మీరు తిరిగి వచ్చేటప్పుడు ఆ లైనును సులభంగా తీసివేయవచ్చునా అని ముందే అడగమనండి.

నాలుగవది ఈసిమ్. కాగితంమీది క్యూఆర్ గుర్తును ఫోనుతో చదివిస్తే చాలు, చిన్న సిమ్ ముక్కతో పని లేదు. అయితే ప్రయాణికులకు అమ్మే ఈసిమ్‌లలో చాలా వాటిలో డేటా మాత్రమే ఉంటుంది, ఫోను నంబరు ఉండదు. వాట్సాప్‌కు, దారి చూసుకోవడానికి అది చాలు. ఆసుపత్రివారు తిరిగి పిలవడానికి చాలదు. గుండెజబ్బు, మూర్ఛ, ఇన్సులిన్ వాడకం వంటివి ఉన్నవారు డేటా మాత్రమే ఉన్న ప్లానుమీద ఆధారపడవద్దని నా సలహా.

ఫోను కూడా పరీక్షకు నిలవాలి

ప్లాను మంచిదైనా ఫోను సహకరించకపోవచ్చు. అమెరికాలోని పెద్ద సంస్థలు తమ 3జీ సేవలను 2022లో మూసివేశాయి. ఇప్పుడు మాటలు కూడా 4జీ మీదుగా, వోల్టీ అనే పద్ధతిలో సాగుతాయి. మన దేశంలో కొన్న కొన్ని ఫోనులలో అక్కడి సిమ్ వేస్తే డేటా వస్తుంది గాని మామూలు పిలుపు వెళ్ళదు. వాట్సాప్ వస్తోంది కదా అని నిశ్చింతగా ఉండకండి. సిమ్ సంస్థ వెబ్‌సైటులో మీ ఫోను గుర్తింపు సంఖ్యను ఇచ్చి అది సరిపోతుందో లేదో ముందే చూడవచ్చు. *#06# నొక్కితే ఆ సంఖ్య కనిపిస్తుంది. అలాగే, అబ్బాయి వాడి పంపించిన పాత ఫోను మీ దగ్గర ఉంటే, అది ఒకే సంస్థకు లాక్ అయి ఉందేమో అడగండి.

మన నంబరు ప్రాణాలతో ఉండాలి

విదేశపు సిమ్ వచ్చిందని ఇక్కడి సిమ్‌ను తీసి సొరుగులో పెట్టేవారు ఉన్నారు. ఇది పెద్ద చిక్కులు తెచ్చే పని. బ్యాంకు, ఆరోగ్యబీమా నవీకరణ, పింఛనుదారులు నవంబరులో ఇచ్చే జీవన ప్రమాణ పత్రం, అన్నిటికీ ఓటీపీ ఆ నంబరుకే వస్తుంది. ప్రీపెయిడ్ సిమ్‌ను 90 రోజుల పాటు ఏ విధంగానూ వాడకపోతే దానిని రద్దుచేసే అవకాశం సంస్థకు ఉంటుంది. రద్దయిన నంబరును తరువాత వేరొకరికి ఇస్తారు. మీ ఆరు నెలల బసలో ఆ తొంభై రోజులు సులభంగా గడిచిపోతాయి.

అందుచేత బయలుదేరక ముందే, ఇక్కడే ఉండి, ఆ నంబరుకు అంతర్జాతీయ రోమింగ్ సేవను ప్రారంభింపజేయండి. వచ్చే సందేశాలకు రుసుము ఉందో లేదో అడిగి తెలుసుకోండి. తిరిగి వచ్చేవరకు గడువు తీరకుండా రీచార్జి చేయించండి. రెండు సిమ్‌ల ఫోను అయితే భారతీయ సిమ్‌ను ఓటీపీ సందేశాల కోసం అలాగే ఉంచి, దానిమీద డేటా రోమింగ్‌ను తప్పక ఆపివేయండి. ప్యాకు లేకుండా ఆ సిమ్‌కు వచ్చిన పిలుపును ఎత్తినా రుసుము పడుతుంది. మిమ్మల్ని పిలవదలచిన బంధువులకు వాట్సాప్‌లో పిలవమని ముందే చెప్పండి. సిమ్ మారినా మీ వాట్సాప్ పాత నంబరుతోనే కొనసాగుతుంది.

దేశాన్ని బట్టి కొన్ని సంగతులు

దుబాయి మొదలైన యుఏఈ నగరాలలో వాట్సాప్ సందేశాలు వెళ్తాయి గాని వాట్సాప్ పిలుపులు సాధారణంగా సాగవు. అక్కడికి వెళ్ళేవారు మామూలు పిలుపులున్న ప్యాకు తీసుకోవాలి. ఐరోపా సమాఖ్య దేశాలలో 2017 జూన్ నుండి ఒక దేశపు సిమ్ మరొక దేశంలో అదనపు రుసుము లేకుండా పనిచేస్తుంది. స్విట్జర్లాండ్, బ్రిటన్ ఆ ఏర్పాటులో లేవు కాబట్టి యాత్రలో అవి ఉంటే విడిగా అడగండి. నయాగరా జలపాతానికి వెళ్ళని తెలుగు తల్లిదండ్రులు అరుదు. అక్కడ నదికి ఆవలి ఒడ్డు కెనడా. అమెరికా ఒడ్డున ఉండగానే ఫోను కెనడా టవరును పట్టుకోవచ్చు. కెనడా సేవ లేని ప్లానైతే ఫోను మూగపోతుంది, లేదా అదనపు రుసుము పడుతుంది. విమానంలోనూ, విహారనౌకలోనూ ఫోనును ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో ఉంచండి. అక్కడి ప్రత్యేక నెట్‌వర్కుల రుసుములు చాలా ఎక్కువ.

బయలుదేరే ముందు చేయవలసినవి

నంబర్లన్నీ దేశసంకేతంతో, అంటే +91, +1 చేర్చి భద్రపరచండి. అప్పుడు ఎక్కడినుండి పిలిచినా వెళ్తాయి. బీమా పత్రంమీది 1800 నంబరు విదేశాలనుండి సాధారణంగా కలవదు. విదేశాలనుండి పిలవవలసిన నంబరు అడిగి వ్రాసుకోండి. ఫోనులో మెడికల్ ఐడి, లేక ఎమర్జెన్సీ సమాచారం అనే చోట మీ జబ్బులు, మందులు, సరిపడని మందులు, పిల్లల నంబరు నింపండి. ఫోను తాళం తీయకుండానే ఇతరులు దానిని చదవగలరు.

ఆపత్కాలపు నంబరును కంఠస్థం చేయండి. అమెరికా, కెనడాలలో 911. ఐరోపాలో 112. బ్రిటన్‌లో 999. ఆస్ట్రేలియాలో 000. సింగపూరులో ఆంబులెన్సుకు 995. యుఏఈలో 998. ఇంగ్లీషు రాదని వెనుకాడకండి. అమెరికాలోని చాలా 911 కేంద్రాలకు ఫోనులో దుభాషీల సాయం ఉంటుంది. "తెలుగు" అన్న ఒక్క మాట స్పష్టంగా చెప్పి, లైను వదలకుండా ఉండండి.

వీటన్నిటితోబాటు ఒక చిన్న అట్టముక్కమీద మీ పేరు, బస చేసిన ఇంటి చిరునామా, పిల్లల నంబరు, మీ జబ్బుల పేర్లు ఇంగ్లీషులో వ్రాసి చొక్కా జేబులోనో చేతిసంచీలోనో ఉంచండి. ఫోను చార్జి అయిపోవచ్చు. అట్టముక్కకు ఆ బాధ లేదు. మధుమేహం ఉన్నవారు దానితో పాటు నాలుగు చక్కెర బిళ్ళలు కూడా ఉంచుకోండి.

విదేశాలలో ఉండి ఈ వ్యాసం చదువుతున్న పిల్లలకు ఒక మాట. అమ్మానాన్నలను "సిమ్ కొనమంటారా?" అని అడగకండి. వద్దనే అంటారు. వారు విమానం దిగేనాటికి కొని సిద్ధంగా ఉంచండి. వారు వచ్చిన మరునాడే నాన్నగారి ఫోనులో వైఫై ఆపించి, వీధి చివరిదాకా నడిపించి, అక్కడినుండి మీకు మామూలు పిలుపు చేయమనండి. తరువాత మీరు ఆయనకు చేయండి. అమ్మగారి ఫోనుకూ ఇదే పరీక్ష. రెండు వైపులా గంట మోగితేనే వారిని ఒంటరిగా నడకకు పంపండి.