పాటల్లో పిల్లలుండరు!

సినిమా పాటలో విదేశీ ప్రయాణమంత సుఖమైన ప్రయాణం ఇంకోటి లేదు. ఇక్కడ ఏ గోదావరి గట్టుమీదో హీరో హీరోయిన్ చెయ్యి పట్టుకుంటాడు. కళ్ళు మూసి తెరిచేసరికి ఇద్దరూ యూరప్‌లో ఓ ఫౌంటెన్ పక్కన ఉంటారు. పాస్‌పోర్టు అడిగేవాడుండడు, సూట్‌కేసు మోసే పనుండదు, చరణానికో డ్రెస్సు మారుతుంటుంది. అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి... ఆ పాటల్లో పిల్లలుండరు!

నేను మాత్రం ఇద్దరు పిల్లల్ని వెంటేసుకుని రోమ్ వెళ్ళొచ్చాను. 2025 మే నెలాఖరున, బడులకు సెలవులున్నప్పుడు. అప్పటికి మావాడికి ఎనిమిదేళ్ళు, అమ్మాయికి నాలుగు. పది రోజులు. నాలుగు పత్రికలకు రాసుకుని బతికే ఫ్రీలాన్స్ విలేకరికి రోమ్ ఏమిటని మీరు అడగొచ్చు. అడగండి, తప్పులేదు. మా ఆవిడ మూడేళ్ళు కట్టిన చీటీ పాడింది. "పిల్లలు ఒక్కసారైనా విమానం ఎక్కాలి" అని ఆవిడ కోరిక. ఎక్కడికి వెళ్ళాలన్నది మాత్రం నేను తేల్చాను. రోమ్!

ఎందుకంటే నాకు రోమ్ పిచ్చి. ఆ పిచ్చి పట్టించింది ఒక సినిమా. డిగ్రీ చదివే రోజుల్లో ఓ ఫిల్మ్ సొసైటీవాళ్ళు చిన్న హాల్లో వేస్తే చూశాను. విట్టోరియో డి సికా తీసిన 'బైసికిల్ థీవ్స్' (1948). మీలో చాలామంది పేరు వినే ఉంటారు. యుద్ధం తర్వాత రోమ్‌లో ఓ నిరుద్యోగికి గోడలకు పోస్టర్లు అంటించే పని దొరుకుతుంది. ఆ పనికి సైకిల్ ఉండి తీరాలి. మొదటిరోజే సైకిల్ పోతుంది. కొడుకుని వెంటబెట్టుకుని ఊరంతా వెతుకుతాడు. అంతే కథ! తండ్రి వేషం వేసినాయన అసలు ఫ్యాక్టరీ కార్మికుడు. కొడుకు వేషం వేసిన ఎంజో స్తాయోలా, షూటింగ్ చూడటానికి వచ్చిన జనంలో దర్శకుడికి కనిపించిన పిల్లవాడు. 1952లో మనదేశంలో జరిగిన మొదటి అంతర్జాతీయ చలనచిత్రోత్సవంలో ఈ చిత్రాన్ని చూపించారు. అది చూసి కదిలిపోయిన బిమల్‌రాయ్ మరుసటి ఏడు 'దో బీఘా జమీన్' తెచ్చారు. అందులోనూ తండ్రీ కొడుకులే.

హాల్లోంచి బయటికొచ్చిన ఆ రాత్రే అనుకున్నాను, ఎప్పటికైనా ఆ వీధుల్లో నడవాలని. చీటీ డబ్బు చేతికి రాగానే నోటుబుక్కు తీశాను. ఏ సినిమా ఎక్కడ తీశారు, ఏ దృశ్యం ఏ వీధిలో... మొత్తం పద్నాలుగు చోట్లు రాసుకున్నాను. మా ఆవిడ పుస్తకం తిరగేసి, "ఇందులో పిల్లలు ఆడుకునే చోటు ఒక్కటీ లేదేమిటండీ?" అంది. "రోమ్ అంతా ఆడుకునే చోటే" అన్నాను. డైలాగు బాగానే పేలింది అనుకున్నాను.

వీసా సంగతి కాస్త చెప్పాలి. పిల్లలే కదా అని అమ్మానాన్నల పాస్‌పోర్టుతో సరిపెడతారనుకోకండి. ఉయ్యాల్లో ఉన్న బిడ్డకైనా వేరే పాస్‌పోర్టు, వేరే దరఖాస్తు, వేరే ఫొటో. పన్నెండేళ్ళలోపు పిల్లలకు వేలిముద్రలు మాత్రం అక్కర్లేదు. ఫొటో తీసేవాడు "నవ్వకూడదు పాపా" అన్నాడు. అంతే, మా అమ్మాయి ఏడుపు లంకించుకుంది. ఆ ఏడుపు ఆగి, కళ్ళు తుడిచి, ఫొటో తీయించేసరికి పూట గడిచిపోయింది.

సరే, రోమ్ చేరాం. 2025 అక్కడ జూబిలీ సంవత్సరం. మనకు పన్నెండేళ్ళకోసారి పుష్కరాలు వచ్చినట్టు కేథలిక్కులకు మామూలుగా 25 ఏళ్ళకోసారి జూబిలీ వస్తుంది. వీధుల నిండా యాత్రికులే. మేం త్రస్తేవరే అనే పాతపేటలో ఓ గది అద్దెకు తీసుకున్నాం.

మొదటిరోజే మావాడికి ఊరు నచ్చేసింది. దేనివల్ల అనుకున్నారు? కొలోసియం వల్ల కాదు. వీధి కుళాయి వల్ల! రోమ్ వీధుల్లో ఇలాంటి ఇనుప కుళాయిలు రెండువేలకు పైగా ఉన్నాయి. 1874 నుంచీ పెడుతున్నారు. వంపు తిరిగిన గొట్టం ముక్కులా ఉంటుందని వాటిని 'నసోనే', అంటే పెద్దముక్కు, అంటారు. చల్లటి మంచినీళ్ళు, రాత్రింబగళ్ళు ధార పడుతూనే ఉంటాయి. "నాన్నా, ఎవరూ కట్టెయ్యరేం?" అని వాడు కంగారుపడ్డాడు. ట్యాంకరు కోసం బిందెలు పెట్టుకుని ఎదురుచూసే అపార్ట్‌మెంటులో పుట్టినవాడు మరి! అటుగా పోతున్న ఓ ముసలాయన ఆగి, గొట్టం మూతిని వేలితో మూశాడు. గొట్టం పైనున్న చిన్న చిల్లులోంచి నీళ్ళు చివ్వున పైకి లేచాయి. వంగకుండా తాగొచ్చన్నమాట! ఇక చూడండి, ఏ కుళాయి కనిపించినా మావాడు వేలు పెట్టాల్సిందే.

నేను గడియారం చూసుకుంటున్నాను. పద్నాలుగు చోట్లు కదా!

రెండోరోజు స్పానిష్ మెట్లు. 'రోమన్ హాలిడే' (1953)లో ఆడ్రీ హెప్‌బర్న్ ఐస్‌క్రీమ్ తింటూ నిలబడిన మెట్లు. మా అమ్మాయి చేతిలోనూ ఐస్‌క్రీమ్ ఉంది. నేను ఫోన్ కెమెరా సర్దుకుంటుండగా అది కాళ్ళు నొప్పులని మెట్టుమీద చతికిలబడింది. వెంటనే కూతపెట్టింది విజిల్! 2019 నుంచి ఆ మెట్లమీద కూర్చోవడం నిషేధం, కూర్చుంటే జరిమానా. పోలీసాయన పిల్లని చూసి నవ్వి వదిలేశాడు గానీ, విజిల్ దెబ్బకు ఐస్‌క్రీమ్ కిందపడింది. ఆ ఏడుపు హోటల్‌దాకా సాగింది. హోటలేమో తలుపులేసి ఉంది! అక్కడ చాలా హోటళ్ళు మధ్యాహ్నం భోజనాలు కాగానే మూసేస్తారు. మళ్ళీ రాత్రి ఏడున్నరకు గానీ తెరవరు. మన పిల్లల ఆకలికి ఈ టైంటేబులు తెలీదు కదా. సంచీలో రొట్టె, ఆవకాయ సీసా ఉంచినందుకు మా ఆవిడకి దణ్ణం పెట్టాను.

మూడోరోజు 'సత్యముఖం'. శాంతా మారియా ఇన్ కోస్మెదిన్ అనే చర్చి వసారాలో పెద్ద రాతి ముఖం. అబద్ధాలకోరు దాని నోట్లో చెయ్యి పెడితే కొరికేస్తుందని ప్రతీతి. 'రోమన్ హాలిడే'లో గ్రెగరీ పెక్ చెయ్యి పెట్టి, పోయినట్టు నటించి హెప్‌బర్న్‌ని హడలగొట్టింది ఇక్కడే. ఎండలో క్యూలో నిలబడి నిలబడి మా వంతు వచ్చింది. నేను స్టయిలుగా చెయ్యి పెట్టాను. మా ఆవిడ ఫొటో తీస్తూ మెల్లిగా అంది:

"ఈ ట్రిప్పు పిల్లల కోసమే అన్నారుగా. ఇప్పుడు చెప్పండి."

నవ్వేశాను. చెయ్యి మాత్రం గబుక్కున లాగేసుకున్నాను.

ఇక ఆదివారం. రోమ్‌లో ఆదివారం పొద్దున పోర్తా పోర్తేసే దగ్గర పాతసామాన్ల సంత జరుగుతుంది. 'బైసికిల్ థీవ్స్'లో తండ్రీ కొడుకులు వానలో తడుస్తూ సైకిల్ కోసం వెతికిన సంత. నా పుస్తకంలో ఎర్ర సిరాతో రాసుకున్న చోటు! అమ్మాయికి కాస్త ఒళ్ళు వెచ్చగా ఉందని మా ఆవిడ గదిలోనే ఉండిపోయింది. నేను, మావాడు బయల్దేరాం. వాడి మడమకు బొబ్బలు. "నాన్నా, ఇవాళ పార్కుకి వెళ్దాం" అన్నాడు. "ఒక్క గంటరా" అన్నాను.

సంతలో జనం ఇసకేస్తే రాలనట్టుంది. పాత గడియారాలు, పాత కోట్లు, పాత సినిమా పోస్టర్లు. నాకు ఒళ్ళు తెలీలేదు. ఒక్క గంట కాస్తా రెండయింది. మావాడు ఓ దుకాణం ముందు పాత ఫుట్‌బాల్ పట్టుకుని, "ఇది కొను నాన్నా" అన్నాడు. "ఇంతదూరం వచ్చింది బంతి కొనుక్కోడానికా? ఇదెలాంటి చోటో తెలుసా నీకు?" అన్నాను. వాడు బంతి కింద పడేసి, "నీ సినిమా నువ్వే చూసుకో, నేను రాను" అన్నాడు.

చెంప ఛెళ్ళుమనిపించాను.

వాడు ఏడవలేదు. అదే నాకు మరీ కోపం తెప్పించింది. "రా" అని ముందుకు నడిచాను. వస్తున్నాడనుకున్నాను. ఓ పోస్టరు చూశాను, ధర అడిగాను, వెనక్కి తిరిగాను. వాడు లేడు!

పాఠకులారా, ఆ సినిమాలో సరిగ్గా ఇలాంటి ఘట్టమే ఉంది. తండ్రి విసుగులో కొడుకుని కొడతాడు. కాసేపటికి, ఎవరో పిల్లవాడు నదిలో పడ్డాడని కేకలు వినిపిస్తాయి. తండ్రి పరుగెత్తుతాడు. వాడు వేరే పిల్లవాడు. తల ఎత్తి చూస్తే తనవాడు మెట్లపైన కూర్చుని ఉంటాడు. ఆ దృశ్యం నేను పదిసార్లు చూశాను. కెమెరా ఎక్కడ పెట్టాడో, ఎంత దూరంలో పెట్టాడో వ్యాసం కూడా రాశాను. ఆ తండ్రి కడుపులో ఏమవుతుందో మాత్రం ఆ పూటదాకా నాకు తెలీదు. టైబర్ నది అక్కడికి నాలుగడుగుల దూరంలోనే ఉంది.

ఇటాలియన్ నాకు నాలుగు మాటలు రావు. "బాంబీనో! బాంబీనో!" అని అరుస్తూ పరుగెత్తాను. బాంబీనో అంటే పిల్లవాడు. పాత బొత్తాలు అమ్ముకునే ఓ పెద్దావిడ నన్ను చెయ్యి పట్టి ఆపింది. ఎంత ఎత్తు అని చేత్తో అడిగింది. నా నడుం దగ్గర చూపించాను. చొక్కా రంగు? పక్కనున్న ఎర్రగుడ్డ చూపించాను. ఆవిడ గొంతెత్తి పక్క దుకాణానికి చెప్పింది, వాళ్ళు ఆ పక్కకి. "ఎర్రచొక్కా బాంబీనో" అన్న కబురు వరసంతా నాకన్నా ముందు పరుగెత్తింది. కొందరు తమ సరుకు వదిలేసి వెతికారు. ఇరవై నిమిషాలు! ఏ సినిమాకీ అంత నిడివి ఉండదు.

చివరికి సంత మొదట్లోనే దొరికాడు. వీధి కుళాయి దగ్గర. గొట్టానికి వేలు అడ్డం పెట్టి, ఎవరో చిన్నపాపకి నీళ్ళు తాగిస్తున్నాడు. నన్ను చూసి వేలు తీసేశాడు.

"అమ్మ చెప్పింది. తప్పిపోతే చివర నీళ్ళు తాగినచోట నిలబడమంది. అక్కడే ఉన్నాను" అన్నాడు, నేను మళ్ళీ కొడతానేమోనన్నట్టు ఓ అడుగు వెనక్కి వేసి.

ఆ అడుగు నేను మరిచిపోలేను. అక్కడే వీధిలో మోకాళ్ళమీద కూలబడి వాణ్ణి కౌగిలించుకున్నాను. ఏడ్చానని వేరే చెప్పాలా? బొత్తాల పెద్దావిడ వచ్చి మొదట వాడి తల నిమిరింది. తర్వాత నా వంక చూసి ఏదో గట్టిగా చీవాట్లు పెట్టింది. ఒక్కముక్క అర్థం కాలేదు గానీ, అంతా అర్థమయింది. వెనక్కి వెళ్ళి ఆ ఫుట్‌బాల్ కొన్నాను. బేరం ఆడలేదు.

గదికి వెళ్ళి మా ఆవిడకి జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆవిడ ఒక్క మాటా అనలేదు. నోటుబుక్కు తీసి నా చేతిలో పెట్టింది. నేను దాన్ని సూట్‌కేసు అడుక్కి తోసేశాను. 'సినిమా పారడైజో' (1988) తీసిన సిసిలీకి వెళ్ళాలన్న ప్లాను కూడా దాంతోపాటే వెళ్ళిపోయింది. మిగిలిన రోజులు ఏం చేశాం? అరగంట రైలెక్కి ఓస్తియా సముద్రం ఒడ్డుకి పోయాం. డబ్బుకట్టి గొడుగు కింద కూర్చునే బీచ్‌లు కొన్ని, ఉచితంగా దుప్పటి పరుచుకునేవి కొన్ని. మేం రెండో రకం. చుట్టూ ఇటలీ కుటుంబాలు, అమ్మమ్మలు డబ్బాల్లో వండి తెచ్చిన తిండి. మా ఆవకాయ అక్కడే ఖర్చయింది. రోమ్ తిరిగొచ్చాక పెద్ద పెద్ద పురాతన కట్టడాలూ చూశాం లెండి. ప్రభుత్వ మ్యూజియాల్లో పద్దెనిమిదేళ్ళలోపు పిల్లలకు టిక్కెట్టు లేదు. కానీ రోజుకొక్కటే. అదీ వాళ్ళు చాలంటే చాలు.

ఆఖరిరాత్రి మా పేటలోనే శాన్ కోసిమాతో అనే చౌకులో కూర్చున్నాం. జూన్, జూలైల్లో అక్కడ తెరకట్టి ఊరందరికీ ఉచితంగా సినిమాలు వేస్తారు. మేమున్నప్పుడు ఇంకా తెర కట్టలేదు. రాత్రి తొమ్మిది దాటినా పిల్లలు ఆడుతూనే ఉన్నారు, పెద్దలు బల్లలమీద కబుర్లాడుతున్నారు. పడుకోమని గదమాయించేవారు లేరు. మావాడు సంతలో కొన్న బంతి పట్టుకెళ్ళాడు. భాషతో పనిలేకుండా రెండు జట్లయ్యాయి.

చెమటతో వచ్చి నా పక్కన కూలబడి అడిగాడు:

"నాన్నా, నువ్వు చెప్పిన ఆ సినిమాలో, తప్పిపోయిన అబ్బాయి దొరికాడా?"

"దొరికాడు."

"మరి సైకిలో?"

"దొరకలేదురా."

వాడు కాసేపు ఆలోచించి, "పోతే పోయిందిలే" అని మళ్ళీ ఆటలోకి పరుగెత్తాడు.

రేపు మీరూ పెళ్ళిళ్ళు చేసుకుని, పిల్లల్ని వెంటేసుకుని వెళతారు. సినిమాల్లో చూసిన చోట్లన్నీ తప్పకుండా రాసుకోండి. ఆ పుస్తకం మాత్రం పిల్లల చేతికివ్వండి. వాళ్ళు ఉంచిన చోట్లు చాలు.