బండి కడుపు కింద ఇనుప రేకు

మా ఆపా కొడుకు నిరుడు సెకండ్ హ్యాండ్ థార్ కొన్నాడు. షౌక్ కోసమైతే ఇంట్లో ఎవరూ ఒప్పుకునేవాళ్లు కాదు, రోజీ కోసం కొన్నాడు. సీమ గుట్టల మీద గాలిమరలు ఉన్నాయి కదా, వాటి ఇంజనీర్లను పైకి తీసుకెళ్లి సాయంత్రం దింపే పని. నెలనెలా బ్యాంకు కిస్తు ఉంది. ముందు కట్టాల్సిన రఖం కోసం ఆపా తన కంగన్లు కుదువ పెట్టింది. ఆ బండి ఒక్క నెల షెడ్డులో పడుకుంటే ఇల్లంతా పరేషాన్.

అన్నీ కట్టగా చేతిలో ఇరవై వేలు మిగిలాయి. వాటితో ముందు పెద్ద ఇనుప బంపర్, నెత్తిన లైట్ల వరస పెట్టిద్దామని మావాడి ఆలోచన. "చూస్తే దమ్ము కనపడాల మామూ" అన్నాడు. బుల్ బార్లు చట్టానికి విరుద్ధమని, తీయించమని కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబర్‌లోనే రాష్ట్రాలకు రాసిందని జర్నలిస్టు బుద్ధి కొద్దీ చెప్పాను. నా మాట ఎవరు వింటారు? చిచ్చా మాట విన్నాడు.

చిచ్చా మస్కట్‌లో పంతొమ్మిదేళ్లు గ్యారేజీలో పనిచేసి వచ్చాడు. ఇప్పుడు రాయచోటిలో ఆయనకో చిన్న షెడ్డు ఉంది. ఒమన్‌లో హజర్ కొండల మధ్య వాదీ బనీ అవ్ఫ్ అని ఒక దారి ఉందట. సెలవు రోజున ల్యాండ్ క్రూజర్లు, పెట్రోల్‌లు ఆ రాళ్ల మీద ఎక్కి దిగేవి. మర్నాడు వాటిలో ఒకటో రెండో చిచ్చా ముందుకొచ్చేవి. పైన గీత కూడా ఉండదు, కింద మాత్రం ఆయిల్ ధార. ఆయన తజుర్బా అంతా బండి కిందే పడుకుని సంపాదించింది.

"నక్కో రే, పైలే నీచే దేఖ్" అని అట్టపెట్టె చింపి పరిచాడు. మావాడూ నేనూ చెరోవైపు నుంచి దూరాం.

ఇంజన్ అడుగున ఆయిల్ ఉండే తొట్టి చాంబర్. కొన్ని బండ్లకు రేకుది, కొన్నింటికి అల్యూమినియం పోత. పోతదైతే రాయి తగిలితే పగులుతుంది. రేకుదైతే సొట్ట పడుతుంది, చుక్క కారదు. కారలేదు కదా అని సంతోషపడితే, ఆ సొట్ట లోపల ఆయిల్ పీల్చే గొట్టం మూతికి అడ్డం పడొచ్చు. అప్పుడు చాంబర్ నిండా ఆయిల్ ఉన్నా ఇంజన్‌కు దప్పికే. దాని వెనక గేర్‌బాక్స్, ట్రాన్స్‌ఫర్ కేసు, ఆ తర్వాత డీజిల్ ట్యాంకు. వెనక యాక్సిల్ మధ్యలో కుండలా వేలాడే డిఫరెన్షియల్. థార్‌కు నేల నుంచి కంపెనీ చెప్పే ఎత్తు 226 మిల్లీమీటర్లు. చిచ్చా చెయ్యి చాపి కొలిచి చూపించాడు, జానెడు. జానెడు పొట్ట కోసం తిరిగే బండికి కడుపు కింద కూడా జానెడే జాగా.

"సస్పెన్షన్ రెండించులు లేపిద్దామా నానా?" అన్నాడు మావాడు. లేపితే బాడీ లేస్తుంది, వెనక యాక్సిల్ ఉన్నచోటే ఉంటుందన్నాడు చిచ్చా. టైరు పెద్దదైతేనే అది పైకి జరుగుతుంది, అదీ టైరు ఎంత పెరిగితే అందులో సగం.

సరే, గార్డు. మేం ఉర్దూ మీడియం బడిలో 'హిఫాజత్' అని రాసుకున్నాం, డిగ్రీలో 'రక్షణ' అని రాసి మార్కులు తెచ్చుకున్నాను. షెడ్డులో మాత్రం రెండింటికీ కలిపి గార్డు అనే ఒక్క మాట చాలు.

నాలుగు మిల్లీమీటర్ల ఇనుప రేకు, మీటరు పొడవు, డెబ్బై సెంటీమీటర్ల వెడల్పు. అందాజ్‌గా ఇరవై రెండు కిలోలు. అల్యూమినియం ఆరు మిల్లీమీటర్లు వేసినా అందులో సగం బరువే. కానీ అది మెత్తన, రాయి దాన్ని కొరుక్కుని పట్టుకుంటుంది. ఇనుము జారుతుంది. తుప్పు పడుతుంది నిజమే, రంగు వేసుకోవచ్చు. వంగితే సుత్తితో కొట్టుకోవచ్చు, రాయచోటిలోనే వెల్డింగ్ చేయించుకోవచ్చు.

మావాడికి కింద సందు లేకుండా అంతా మూసేయాలని జిద్దు. చిచ్చా దానికి ససేమిరా అన్నాడు. ఆయిల్ విప్పే నట్టు కింద ఒక సూరాఖ్, నీళ్లు కారిపోవడానికి ఇంకో నాలుగు పెట్టాల్సిందే అన్నాడు. మస్కట్‌లో ఒకాయన బండికి మజ్బూత్ గార్డే ఉండేదట. డ్రెయిన్ నట్టు దగ్గర నుంచి ఆయిల్ చుక్కచుక్కగా కారి ఆ రేకు మీదే నిలిచింది. నేల మీద మరక పడకపోయేసరికి ఎవరికీ అనుమానం రాలేదు. చివరికి ఎక్కుడు మీద ఇంజన్ పట్టేసింది. ఇంకో సంగతి, ఎండు బోదగడ్డి. వేసవిలో గుట్ట మీద తిరిగితే అది రేకుకూ సైలెన్సర్ గొట్టానికీ మధ్య ఇరుక్కుంటుంది. ఆ గొట్టం వేడికి అంటుకుంటే బండి మొత్తం పోతుంది. అందుకే విప్పి దులుపుకునేలా ఉండాలి.

బిగింపు ఛాసిస్‌కే, చాంబర్‌కు ఎక్కడా తగలకూడదు. మధ్యలో ఇంచు ఖాళీ లేకపోతే రాయి దెబ్బ రేకు మీదుగా నేరుగా చాంబర్‌కే చేరుతుంది. ముందు అంచు పైకి వంచాడు, రాయిని పట్టుకోకుండా. బోల్టు తలలు రేకు లోపలికి దిగేలా గుంటలు చేశాడు. బయటికి ఉంటే మొదటి రాయే వాటిని కోసేస్తుందట. ఎనిమిది బోల్టులు. మీ ఇంట్లో ఎవరైనా ఈ పని చేయిస్తుంటే వంగి ఆ బోల్టు తలలు ఒకసారి చూడండి. పని తెలిసినవాడో కాదో అక్కడే తేలిపోతుంది.

రేకు పడగానే మావాడికి హుషారొచ్చింది. చిచ్చా తాళంచెవి లాక్కుని ముందు కూర్చున్నాడు. రాయిని రెండు చక్రాల మధ్యకు తీసుకోవద్దు, టైరు ఎక్కించు, టైరు ఎక్కితే కడుపు లేస్తుంది అన్నాడు. ఫోర్ లోలో నడక కంటే నెమ్మదిగా పోవాలి. తెలియని చోట ఒక మనిషి దిగి ముందు నడవాలి. ఇంజనీర్లు జల్దీ జల్దీ అంటారు, అననీ.

అదే గుట్టకు బండి తిప్పిన ఇంకో కుర్రాడి సంగతి మాకందరికీ తెలుసు. చాంబర్ పగిలింది. ఆయిల్ లైటు వెలిగితే ఫౌరన్ ఆపకుండా కిందికి దిగిపోదామనుకున్నాడు. ఇంజన్ పోయింది, బండి పాత ఇనుముకు పోయింది, వాడు కువైట్ పోయాడు. చిచ్చా ఈ సంగతి ఎత్తడు. పంతొమ్మిదేళ్లలో ఆయన ఎన్ని ఈద్‌లు ఇంట్లో చేసుకున్నాడో ఆపాకు వేళ్ల మీద లెక్క తెలుసు. ఆ రేకు పనికి మావాడి దగ్గర ఇనుము ఖర్చు తప్ప మజూరీ ఆయన ముట్టుకోలేదు.

రెండు నెలలకు గార్డు విప్పారు. చాంబర్ కింద సరిగ్గా నడిమధ్య మూరెడు గీత. ఆపా చూడ్డానికొచ్చి దాని మీద వేలు పెట్టింది.

"ఎంత దిగింది చిచ్చా?"

"ఒక్క మిల్లీమీటరు బేటీ. ఇంకా మూడున్నాయి."

ఆపా పళ్లెంలో బోల్టులు లెక్కపెట్టింది. ఏడే ఉన్నాయి. ఎనిమిదోది గుట్ట మీద ఎక్కడో అదురుకు ఊడిపోయింది. చిచ్చా కుర్రాణ్ని బజారుకు పంపాడు, ఎనిమిదింటికీ స్ప్రింగ్ వాషర్లు తెమ్మని.