అద్దె సర్వరులో కొత్త కాపురం

కొత్తింట్లో దిగేటప్పుడు మనం ముందు చూసేదేమిటి? గోడల రంగు కాదు గదా! కుళాయిలో నీళ్ళొస్తున్నాయా, పొయ్యిగట్టు ఎత్తు సరిపోతుందా, సామాన్లగది గడియ సరిగ్గా పడుతుందా అని చూస్తాం. సర్వరు మీద బడి పెట్టడమూ అచ్చం ఇంతేనని ఈ మధ్యనే తెలిసింది నాకు.

మేం పెట్టింది పెద్ద బడేం కాదు లెండి. చదువు మధ్యలో ఆగిపోయి, సార్వత్రిక విద్యాపీఠం ద్వారా పదో తరగతి పరీక్షకి కట్టిన 11 మంది ఆడవాళ్ళు. నేను రిటైరైన తెలుగు టీచర్ని. వాళ్ళకి చేతులు ఖాళీ అయ్యేది రాత్రి పదింటికి. ఆ వేళప్పుడు మా ఇంటికి రమ్మంటే ఎవరు పంపుతారు? సరేనని వాట్సాప్‌లో పాఠాలు పెట్టి చూశాం. శుభోదయం గులాబీల కింద సంధులూ సమాసాలూ పూడిపోయాయి. పైగా అక్కడ ఒకరి మార్కులు అందరికీ తెలిసిపోతాయి. మా వీధి చివర జాకెట్లు కుట్టే అమ్మాయి ఉంది. ఏడో తరగతిలో బడి మానిపించారట. ఆమె ముందే షరతు పెట్టింది. "నా మార్కులు మీకూ నాకూ తప్ప ఎవరికీ కనబడకూడదు టీచర్‌గారూ. మా అత్తగారికైతే అసలే వద్దు." నాకా షరతు న్యాయంగానే తోచి మాటిచ్చేశాను.

ఆ మాట నిలబెట్టే భారం మా మేనకోడలి మీద పడింది. సెలవులకొచ్చిన పిల్ల, పాపం! అది ఎంచుకున్న సాఫ్ట్‌వేర్ పేరు మూడుల్. పైసా ఖర్చులేదు. ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరంలో మార్టిన్ డూగియామస్ అనే ఆయన మొదలుపెట్టాడు. 2002లో 1.0 కూర్పు వచ్చింది. ఆయన చిన్నతనం దగ్గర్లో బడి లేని ఎడారి ప్రాంతంలో, రేడియోలో వచ్చే పాఠాలతో గడిచిందట. ఆ సంగతి విన్నాక నాకాయనతో ఏదో చుట్టరికం కలిసినట్టయింది.

ఇహ సర్వరంటారా, నెలకింతని అద్దెకు తీసుకున్నదే. అందులో అపాచీ ఉంటుంది, వీధిగుమ్మంలో నిలబడి వచ్చినవాళ్ళని పలకరించే మనిషిలా. పి.హెచ్.పి. వంటమనిషి. డేటాబేసు పద్దుల పుస్తకం. మూడుల్ వీళ్ళ మధ్యకి కాపురానికొస్తూ, పెళ్ళిచూపులకొచ్చిన పెద్దత్తగారిలా ఓ జాబితా తీసి ఒక్కొక్కటే అడుగుతుంది. అన్నీ పచ్చగానే ఉన్నాయి గానీ ఒక్కటి మాత్రం ఎర్రగా మిగిలింది. ఒక ఫారంలోంచి ఎన్ని వివరాలు పుచ్చుకోవచ్చో చెప్పే లెక్క పి.హెచ్.పి.లో మామూలుగా 1000 ఉంటుంది. దీనికి 5000 కావాలట. పిల్ల మార్చింది. ఎర్రగానే ఉంది. మళ్ళీ చూసింది, 5000 అనే ఉంది. తెర మీద మాత్రం ఎరుపు పోదే!

"మీ పుట్టింటివాళ్ళ పనంతా ఇంతేనోయ్!" అన్నారు మావారు పేపరు చాటునుంచి.

చివరికి తేలిందేమిటంటే, ఆ సెట్టింగుల ఫైళ్ళు రెండున్నాయి, పేరొక్కటే. ఒకటి కమాండ్ లైనుకి, రెండోది అపాచీకి. ఒకే ఇంట్లో ఇద్దరు సుబ్బలక్ష్ములుంటే కాఫీ ఎవరికి చేరుతుందో చెప్పగలమా? అపాచీ తాలూకు దాన్ని మార్చి, అపాచీని ఓసారి ఆపి లేపాక గానీ ఎరుపు పచ్చబడలేదు.

అసలు చిక్కు ఆ తర్వాత వచ్చింది. పిల్లలు అప్పజెప్పే జవాబు పత్రాలూ ఫోటోలూ దాచడానికి మూడుల్‌కి ఓ విడి ఫోల్డరు కావాలి, మన సామాన్లగదిలాగ. దాన్ని మేనకోడలు తన పేరున తయారుచేసింది. అపాచీకేమో అందులో రాసే హక్కు లేదు. "రాయడానికి వీల్లేదు" అని మొరాయించి కూచుంది. సర్వరు అద్దెకిచ్చినవాళ్ళకి ఫోను చేస్తే అక్కడి కుర్రాడు క్షణం ఆలోచించకుండా, "777 కొట్టండి మేడమ్, అయిపోతుంది" అన్నాడు.

"అయిపోతుంది, నిజమే అత్తా!" అంది మా పిల్ల, ఫోను పెట్టేసి. "మొదటి అంకె సొంతదారుకి, రెండోది వాళ్ళ బృందానికి, మూడోది దారినపోయే దానయ్యకి. 7 అంటే చదవచ్చు, రాయచ్చు, లోపలికీ వెళ్ళచ్చు. మూడు ఏడులంటే ఆ సర్వరులో ఉండే ఏ ప్రోగ్రామైనా దూరచ్చని."

నాకు ఒళ్ళు మండింది. తలుపు తెరుచుకోకపోతే తలుపే ఊడబెరికి పారేయమన్నట్టు లేదూ! ఆ గదిలో ఉండబోయేవి ఎవరి కాగితాలో ఆ కుర్రాడికేం తెలుసు? "వద్దే, రాత్రి ఎంతైనా ఫర్వాలేదు" అన్నాను. అది నవ్వి, వెబ్‌కి కనబడే ఆవరణకి అవతల ఆ ఫోల్డరు పెట్టింది. దాన్ని డబ్ల్యు.డబ్ల్యు.డబ్ల్యు-డేటా పేరున రాసిచ్చింది. ఉబుంటులో అపాచీ పనిచేసేది ఆ పేరుతోనేనట. దానయ్యకి సున్నా. రెండే రెండు వరుసల పని! మూడుల్ నోరు మూసుకుని ముందుకు కదిలింది.

అయిపోయిందనుకుంటున్నారా? 11 పేర్లూ ఒక్కసారే ఎక్కించి, పాస్‌వర్డులు తయారుచేసి మెయిల్‌లో పంపే పని మూడుల్‌కే అప్పగించింది. రెండు రోజులైనా ఒక్కరికీ ఉత్తరం రాలేదు. "మీ బడి తెరుస్తారా టీచర్‌గారూ?" అని కూరలబండి దగ్గర ఒకరడగడం, నాకు తలకొట్టేసినట్టవడం. ఉత్తరాలు సిద్ధంగానే ఉన్నాయి, పోస్టు చేసేవాళ్ళే లేరు. నిమిషానికోసారి తలుపు తట్టి "పనేమైనా ఉందా అమ్మగారూ?" అని అడిగే క్రాన్ అనే పనివాణ్ణి సర్వరులో మనమే కుదుర్చుకోవాలి. వాడికీ ఆ డబ్ల్యు.డబ్ల్యు.డబ్ల్యు-డేటా పేరే ఇవ్వాలి, లేకపోతే సామాన్లగది దగ్గర మళ్ళీ పేచీ! వాణ్ణి పెట్టిన మరుసటి నిమిషానికే 11 ఉత్తరాలూ వెళ్ళిపోయాయి.

ఆ రాత్రి 11.40కి జాకెట్లమ్మాయి పేరు నా తెర మీద కనబడింది. సవర్ణదీర్ఘసంధి అభ్యాసం తెరిచింది, పూర్తిచేసింది, వెంటనే మళ్ళీ తెరిచింది. మార్కులెన్నో మీకు చెప్పను.

పొద్దున పాలపాకెట్ల దగ్గర ఎదురైంది. ఆ ప్రసక్తి తను తేలేదు, నేనూ తేలేదు.

"మీ జాకెట్టు గురువారానికిస్తానండీ" అని గబగబా వెళ్ళిపోయింది.