బాబాయి లారీ, నా టైర్లు

మా బాబాయి దగ్గర ఒక ఆర్మీ లారీ ఉంది. అంటే మిలిటరీ వాళ్ళు వాడి వాడి, ముసలిదయ్యాక వేలంలో వదిలించుకున్నదన్నమాట. మా వైపు ఇలాంటి లారీ ఏ కంపెనీదైనా సరే పేరు మాత్రం శక్తిమానే. (అసలు శక్తిమాన్‌లు జర్మనీ మాన్ కంపెనీ డిజైను, జబల్పూర్‌లో 1996 దాకా చేశారు.) 2023లో క్వింటా మిర్చి 20,000 దాటిన ఊపులో, ఎవరో అప్పటికే రిమ్ములూ టైర్లూ మార్చి వాడుకుంటున్న దాన్ని కొన్నాడు. సీజన్లో పత్తి, మిర్చి తోలతాడు, మిగతా రోజుల్లో కంకర.

మాది పర్చూరు దగ్గర. తాత పుట్టినప్పుడు గుంటూరు జిల్లా, 1970ల్లో ప్రకాశం, 2022 నుంచి బాపట్ల. రెండుసార్లు రీనేమ్ చేసినా కింద కోడ్ మాత్రం అదే, నల్లరేగడి. ఎండాకాలం చెయ్యి దూరేంత నెర్రెలిస్తుంది. వాన పడిందా, చెప్పుకి రెండు కిలోలు అంటుకుని కదలనివ్వదు.

2024 నవంబర్‌లో పత్తి లోడుతో లారీ డొంకలో ఇరుసు దాకా దిగబడింది. రెండు ట్రాక్టర్లు పెట్టి లాగారట. ఆ రాత్రి ఫోను. "ఒరేయ్ అబ్బాయ్, పెద్ద టైర్లేస్తే దిగబడదంటున్నారు. నువ్వు నెట్టులో చూసి ఏ సైజు వెయ్యాలో చెప్పరా."

పదిహేనేళ్ళ సర్వీసులో నాకింత ఇష్టమైన రిక్వైర్‌మెంట్ ఎవరూ ఇవ్వలేదు. వారం రోజులు ఆఫీసు పని పక్కన పడేసి మరీ చదివాను. అమెరికాలో ఈ డిస్పోజల్ లారీలదొక పెద్ద లోకం. ఎం35 అని రెండున్నర టన్నుల లారీ ఉంది. దానికి మామూలుగా ఉండే 9.00-20 టైర్లు పది. వాటిని పీకేసి 14.00ఆర్20 టైర్లు ఆరు వేస్తారు, వెనక జంటలుండవు. 40 అంగుళాల టైరు పోయి 49 అంగుళాలదొస్తుంది. చూడ్డానికి రాక్షసుడే.

తెలియనివాళ్ళ కోసం, 10.00-20 అంటే పది అంగుళాల వెడల్పు, ఇరవై అంగుళాల రిమ్ము. మధ్యలో గీత ఉంటే నైలాన్, ఆర్ ఉంటే రేడియల్. మన రోడ్ల మీద లారీల్లో ఏ టైరు షాపులోనైనా దొరికే సైజు ఇదే. బాబాయి లారీకి ఉన్నవీ అవే.

14.00 మన దగ్గర దొరకడం కష్టం, దొరికినా బాబాయి అమ్ముకోవాల్సి వస్తుంది. అందుకని ఎక్సెల్ షీటు వేసి మధ్యేమార్గం కనిపెట్టాను: 12.00-20. ఎత్తు 41న్నర నుంచి 44 అంగుళాల పైకి. చీమకుర్తి గ్రానైట్ క్వారీల వైపు నుంచి సెకండ్ హ్యాండ్ టైర్లు నాలుగు తెప్పించి వెనక వేయించాం. డబ్బు చాలక ముందువి అలాగే ఉంచాం. పాతవి మిర్చి అయ్యాక అమ్ముదామని బాబాయి షెడ్లో పడేశాడు.

టైరు షాపతను చెప్పాడు, "వద్దు సార్, రిమ్ము చాలదు, జంట ముద్దెట్టుకుంటాయి" అని. నేను ఫోన్లోంచే షీటు చూపించాను. మన ఇంగ్లీషు ముందు అతనేం మాట్లాడతాడు పాపం!

అతను చెప్పింది ఇదీ. 12.00 టైరుకి ఎనిమిదిన్నర అంగుళాల రిమ్ము కావాలి, లారీకి ఉన్నది ఏడున్నర. 10.00 టైరు లావు దాదాపు 28 సెంటీమీటర్లు, 12.00ది 31 దాటుతుంది. జంటలో ఒక టైరు మధ్య నుంచి రెండోదాని మధ్యకి ఉన్న దూరం సుమారు 32. అంటే నాలుగు సెంటీమీటర్ల సందు పోయి ఒక్క సెంటీమీటరు కూడా మిగలలేదు. లోడు పడితే టైరు అడుగున ఉబ్బుతుంది, పక్కదాన్ని రాసుకుంటుంది, వేడెక్కుతుంది. ఇక నాలుగు చక్రాలకీ పవరిచ్చే బండికి ముందు ఒక సైజు, వెనక ఒక సైజు వేస్తే, ఫోర్ బై ఫోర్ పెట్టగానే రెండు ఇరుసులూ ఒకదాన్నొకటి గుంజుకుంటాయి. నా షీటులో ఈ కాలమ్‌లేవీ లేవు.

అన్నింటికన్నా పెద్ద తప్పు వేరే ఉంది. బురదలో టైరు దిగబడ్డం సైజు కన్నా గాలిని బట్టి ఉంటుంది. మెత్తటి నేల మీద టైరు వేసే ఒత్తిడి దాదాపు లోపలి గాలి ఒత్తిడంత. రెండో ప్రపంచ యుద్ధంలోనే డక్ అనే నీళ్ళలో కూడా నడిచే లారీకి, డ్రైవరు సీట్లో కూర్చునే టైర్లలో గాలి తగ్గించే ఏర్పాటు చేశారు, ఇసకలో దిగబడకుండా. బాబాయి ఏమో 100 పీఎస్ఐ పైనే కొట్టించేవాడు, లోడుకి అది తప్పదు కూడా. ఆ గాలితో పన్నెండైనా పద్నాలుగైనా రేగట్లో కూరుకుపోవాల్సిందే.

2025 ఫిబ్రవరి. మిర్చి ధర అప్పటికే పడిపోయింది. కేంద్రం కల్పించుకుని క్వింటాకి 11,781 రూపాయలు ప్రకటించిన నెల. అంతకు రెండేళ్ళ ముందు ఇరవై వేలు చూసిన వాళ్ళకి ఆ అంకె ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. బాబాయి తన కాయలూ, ఇంకో ముగ్గురివీ టిక్కీలు వేసుకుని రాత్రి గుంటూరు యార్డుకి బయల్దేరాడు. పెదనందిపాడు దాటాక వెనక ఎడమవైపు లోపలి టైరు పేలింది. ఎవరికీ ఏమీ కాలేదు. టార్చి వేసి చూస్తే పక్క గోడలు రెండూ చెప్పు అరిగినట్టు అరిగి ఉన్నాయట.

స్టెప్నీ 10.00. జంటలో రెండూ ఒకే ఎత్తు ఉండాలి, లేకపోతే బరువంతా పెద్దదాని మీదే పడుతుంది. ఆ రాత్రి 12.00-20 కోసం అటు ప్రత్తిపాడు దాకా, ఇటు పర్చూరు దాకా ఫోన్లు చేశారు. ఎవరి దగ్గరా లేదు. అదే 10.00 అయితే ఏ పంక్చర్ షాపు తలుపు కొట్టినా దొరికేది. రాత్రి రెండింటికి ప్రొడక్షన్ పడిపోతే ఎవరికీ తెలియని వెర్షన్ వాడిన పాపం ఎలా ఉంటుందో మన వాళ్ళకి నేను వివరించాలా?

బాబాయి మంచులో టిక్కీల మీదే తెల్లార్లూ కూర్చున్నాడు. వేరే లారీ మాట్లాడి, సరుకు మార్చి, యార్డులో అమ్ముడయ్యేసరికి రెండు రోజులు. క్వింటాకి నాలుగొందలు తగ్గింది. ఆ ముగ్గురికీ తేడా తన జేబులోంచే ఇచ్చాడు. నేను పంపిస్తానంటే "నీ డబ్బులెందుకురా" అన్నాడు. తిట్టలేదు. తిడితే బాగుండేది.

ఇప్పుడు మళ్ళీ అన్నీ 10.00-20. లారీ డొంకలోకి దిగదు. రోడ్డు మీదే ఆగుతుంది. చేల్లోంచి సరుకు ట్రాక్టర్ ట్రక్కులోనో, ఇంకా మిగిలిన ఒకటి రెండు టైరు బండ్ల మీదో వస్తుంది. "మా నాన్న కాలంలో ఇట్టానే తెచ్చేవాళ్ళం, మళ్ళీ ఇట్టానే తెస్తన్నాం" అంటాడు. ఏడాదిలో పట్టుమని పది రోజులుండే బురద కోసం మిగతా రోజుల బండిని మార్చబోయాను నేను. ఆ పది రోజులూ పత్తివి. మిర్చి వచ్చేసరికి నేల రాయిలా ఉంటుంది. ఈ మాట ఊళ్ళో ఎవర్నడిగినా చెప్పేవాళ్ళు.

మొన్న ఊరెళ్ళినప్పుడు కల్లంలో చూశాను. మబ్బు పట్టిందని కాయల మీద పట్టా కప్పారు. అది గాలికి లేవకుండా మూడు మూలల్లో మూడు 12.00-20లు. నాలుగో మూలన రాయి. పిన్ని పనివాళ్ళకి కేకేసి చెప్తోంది, "అబ్బాయి టైర్లు ఇంకాస్త ఇవతలికి జరపండి" అని.