వాలు తెలిసిన బండి

ములుగు జిల్లాలో సైకిలెక్కిన మనిషికి అన్నిటికంటే ముందు నేల వాలు తెలుస్తుంది. కారులో వెళ్లేవాళ్లకి జంగాలపల్లి నుంచి పాలంపేట దాకా దారంతా ఒకేలా కనిపిస్తుంది. అదే దారిలో పిక్కలు ఎక్కడ బిగుసుకుంటాయో, తొక్కకుండానే బండి ఎక్కడ సాగిపోతుందో సైకిల్ వాడిని అడిగితే మిట్ట మిట్టకూ లెక్క చెబుతాడు. నీరు పల్లమెరుగు అన్నారు పెద్దలు. సైకిలు కూడా పల్లమెరుగు. అడవినీ చెరువునీ పొలాన్నీ ఒకదానితో ఒకటి కలిపి చూడాలనుకునేవాళ్లకి ఇంతకంటే మంచి వాహనం లేదని నా గట్టి నమ్మకం.

సంక్రాంతి వెళ్లాక, ఎండలు ముదరకముందు ఇక్కడ తిరగాలి. తెల్లవారుజామున చలి ఉంటుంది. మొదటి అరగంట చేతివేళ్లు కొంకర్లు పోతాయి, తర్వాత ఒళ్లు వెచ్చబడుతుంది. జాతీయ రహదారి మీద లారీల హోరు ఉంటుంది కనుక దాన్ని ఎంత తొందరగా వదిలితే అంత మంచిది. ఊళ్ల మధ్య దారుల్లోకి మళ్లగానే చప్పుడు తగ్గి వాసనలు మొదలవుతాయి. కల్లంలో ఆరబోసిన మిర్చి ఘాటు కంటికి కనిపించకముందే ముక్కుకి తగులుతుంది. మడికట్టులో కొత్తగా పెట్టిన నీళ్ల వాసన, పశువుల కొట్టం వాసన, పొయ్యి పొగ వరసగా ఎదురొస్తాయి. కరెంటు తీగ మీద కూర్చున్న పాలపిట్ట మనం దాటే వరకూ కదలదు. గంటకి పది, పన్నెండు కిలోమీటర్లు వెళ్లే మనిషిని చూసి పిట్టలూ బెదరవు, మనుషులూ పలకరించకుండా ఉండరు. "ఏడికి బిడ్డా?" అంటుంది ఒక అవ్వ. రామప్పకు అని చెబితే, "ఇంత దూరం తొక్కుకుంటనా? నీళ్లు తాగి పో" అని చెంబు తెస్తుంది. కారు అద్దం వెనక కూర్చున్నవాడికి ఆ చెంబు అందదు.

పాలంపేటలో రామప్ప గుడి. గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో దీన్ని కట్టించాడని అక్కడి శాసనం చెబుతుంది. 2021 జులైలో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరాక వచ్చేవాళ్లు బాగా పెరిగారు. ఎర్ర ఇసుకరాతి గోడలు, చూరు కింద నిగనిగలాడే నల్లరాతి మదనికలు, నీళ్లలో తేలేంత తేలికైన ఇటుకలతో లేపిన శిఖరం. ఎంతసేపు చూసినా తనివి తీరదు. అయితే ఎక్కువమంది గుడి చూసి వెనక్కి తిరుగుతారు. దగ్గర్లోనే ఉన్న చెరువు కట్ట కూడా ఎక్కితేనే రామప్పను చూసినట్టు. ఒక పక్క గుట్టల నడుమ నిలిచిన నీళ్లు, రెండో పక్క ఆ నీళ్లతో పండే పచ్చని ఆయకట్టు. కట్ట దిగితే బండి తనంతట తానే జారుతుంది. తూములోంచి వచ్చిన కాలువ కూడా మనతోపాటు అటే పోతుంది. శిల్పుల చేతి పని గుడిలో ఎంత ఉందో, నేలను చదివినవాళ్ల బుద్ధి ఈ కట్టలో అంత ఉంది.

ఆ బుద్ధి మరింత బాగా తెలియాలంటే లక్నవరం వెళ్లాలి. చల్వాయి దగ్గర రహదారి వదిలి బుస్సాపూర్ మీదుగా సాగితే దారి నెమ్మదిగా గుట్టల్లోకి చొరబడుతుంది. కాకతీయుల కాలంలో ఈ చెరువు కట్టినవాళ్లు కొండల్ని కట్టలుగా వాడుకున్నారు. గుట్టకీ గుట్టకీ మధ్య ఖాళీ ఉన్న చోట మాత్రమే మట్టి పోశారు. పొట్టి కట్టలు, పెద్ద చెరువు. ఈ సందు మూస్తే నీళ్లు ఎంత దూరం వెనక్కి నిలుస్తాయో, ఏ ఊరి పొలానికి పారతాయో కొలిచే యంత్రాలు వాళ్లకి లేవు. వానాకాలంలో ఒర్రెల వెంట నడిచి, వాగు పోయే తీరు చూసి తెలుసుకుని ఉంటారు. చెరువు మీది తీగల వంతెనపై ఫొటోలు దిగేవాళ్ల సందడిని పక్కన పెట్టి, చెరువు చుట్టూ ఉన్న అడవిని కాసేపు చూడండి. చెరువుకు అసలు తల్లి ఆ అడవే. వానను ఆకుల మీద ఆపి, వేళ్ల దారిన నేలలోకి దించి, మెల్లగా ఒర్రెకు వదులుతుంది. అడవి పలచబడితే వాన ఒక్క ఉదుటున దూకుతుంది, మట్టిని కోసుకొచ్చి చెరువులో పూడిక పోస్తుంది. కట్ట ఎంత గట్టిదైనా పైనున్న చెట్లు పోతే చెరువు లోతు పోతుంది.

పస్రా దాటి తాడ్వాయి వైపు పోతే రెండు పక్కలా అడవే. ఏటూరునాగారం అభయారణ్యాన్ని హైదరాబాద్ రాష్ట్రం ఉన్నప్పుడే, 1950ల మొదట్లో ప్రకటించారు. టేకు, నల్లమద్ది, ఏగిస, తునికి, ఇప్ప, వెదురు. మాఘంలో టేకు ఆకు రాలుతుంటే ఆ చప్పుడు వినాలి. పళ్లెమంత ఆకు కొమ్మల మధ్య తగులుకుంటూ దిగి నేల మీద పడేదాకా చెవికి తెలుస్తుంది. ఫాల్గుణం వచ్చేసరికి మోదుగులు ఎర్రబడతాయి. ఆ వెనకే ఇప్పపూలు రాలతాయి. తెల్లారకముందే బుట్టలు పట్టుకుని కోయ ఆడవాళ్లు చెట్ల కిందికి చేరతారు. ఎండాకాలంలో తునికాకు సేకరణ. అడవే వాళ్లకు సంత, పొలం, గుడి అన్నీ.

ఈ అడవి వయసు చెట్ల వయసుతో తేలదు. తాడ్వాయి మండలంలోనే దామరవాయి గుట్ట మీద పెద్ద పెద్ద రాతి పలకలు నిలబెట్టి, పైన బండ కప్పిన సమాధులున్నాయి. అవి బృహత్ శిలాయుగపు మనుషులవి. ఊరివాళ్లు రాకాసి గుళ్లు అంటారు. కాకతీయులకు ఎన్నో వందల ఏళ్ల ముందే ఇక్కడ మనుషులు బతికి, తమవాళ్లను గౌరవంగా సాగనంపారన్నమాట. తాడ్వాయి నుంచి లోపలికి వెళ్తే మేడారం. రెండేళ్లకోసారి మాఘ శుద్ధ పౌర్ణమికి సమ్మక్క సారలమ్మల జాతర జరిగినప్పుడు లక్షలాది జనం బంగారం పేరుతో బెల్లం మోసుకొస్తారు. మిగతా రోజుల్లో చెట్ల కింద గద్దెలు ప్రశాంతంగా ఉంటాయి. కరువొచ్చి కప్పం కట్టలేని కోయ దొరల మీదికి కాకతీయ సైన్యం వచ్చిందని, సమ్మక్క సారలమ్మలు ఎదురు నిలిచి పోరాడారని, సమ్మక్క కొడుకు జంపన్న ఇక్కడి వాగులో దూకి ప్రాణం విడిచాడని ఇక్కడి జనం తరతరాలుగా చెప్పుకుంటున్నారు. చెరువులు కట్టి నీళ్లిచ్చిన రాజ్యమూ, కరువులో కప్పం అడిగిన రాజ్యమూ ఒక్కటే. పొద్దున రామప్ప కట్ట మీద మొదటిది తలచుకుని, సాయంత్రం జంపన్న వాగు ఒడ్డున రెండోది విన్నవాడికి చరిత్ర ఒక పక్క నుంచే కనిపించదు.

2024 ఆగస్టు 31న తాడ్వాయి, మేడారం మధ్య అడవిలో పెనుగాలి వీచింది. కొద్దిసేపట్లోనే వందల ఎకరాల్లో సుమారు 50,000 చెట్లు నేలకూలాయి. అక్కడ మట్టి పొర పలచన, వేళ్లు లోతుకు దిగక పక్కలకు పాకాయి అని అప్పట్లో అధికారులు చెప్పారు. ఇన్ని తరాలుగా నిలబడ్డది రేపూ నిలబడుతుందన్న ధీమా ఆ ఒక్క పూటతో సడలింది. పడిన చోట మళ్లీ అడవి లేవాలంటే పశువులు మేయకుండా, నిప్పు పడకుండా ఎన్నో ఏళ్లు కాపాడాలి. అడవిని దాటే ప్రతి ఒక్కరికీ ఇందులో పాలుంది.

ఈ తిరుగుడుకి ఖరీదైన సైకిలు అక్కర్లేదు. బ్రేకులు పట్టి, గొలుసుకి నూనె ఉంటే పాత హెర్క్యులిస్ అయినా చాలు. పెడల్ కింది అంచుకి వెళ్లినప్పుడు మోకాలు కొంచెం మాత్రమే వంగేలా సీటు ఎత్తు సరిచేసుకోండి, సాయంత్రానికి మోకాళ్ల నొప్పులు పుట్టవు. తుమ్మముళ్ల నేల కనుక పంక్చర్ సామాను, చేతి పంపు వెంట ఉంచుకోండి. నీళ్లు ఎక్కువ, బరువు తక్కువ. అభయారణ్యంలో తారు దారి దిగి లోపలికి వెళ్లాలంటే అటవీ శాఖ అనుమతి తీసుకోండి. ఇప్పపూల కాలంలో ఎలుగుబంట్లు తిరుగుతాయి, కాబట్టి పొద్దు వాలకముందే ఊరు చేరండి. రాలిన ఆకు మీద ఒక్క బీడీ ముక్క చాలు అడవి తగలబడటానికి. తెచ్చిన ప్లాస్టిక్ అంతా తిరిగి తీసుకెళ్లండి.

పిల్లలకు సైకిల్ తొక్కడం వస్తే ఈ దారుల్లోకి వాళ్లను కూడా తీసుకురండి. ఎక్కేటప్పుడు రొప్పనివ్వండి, దిగేటప్పుడు కేకలు వేయనివ్వండి. కట్ట మీద ఆగినప్పుడు, ఈ నీళ్లు ఎక్కడి నుంచి వచ్చాయి, ఎక్కడికి పోతాయి అని అడగండి. చెరువు కావాలంటే అడవి ఉండాలని పుస్తకం చెబితే పరీక్ష దాకా గుర్తుంటుంది. ఆ వాలు మీద బండి తొక్కుకుంటూ తెలుసుకున్న పిల్లలు పెద్దయ్యాక ఏ చెట్టు మీద గొడ్డలి పడినా ఊరుకోరు.