నేనూ నవ్విన

మా అన్న కొడుకు హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తాడు. పోయినేడు కంటి పరీక్షకని నేను పోతే, "చిన్నాయనా, ఇయ్యాల నిన్ను కామెడీకి తీస్కపోత" అన్నాడు. సినిమా అనుకున్నా. కాదు. మాదాపూర్‌లో ఒక హోటలు కింద గది. అరవై కుర్చీలు, ఒక మైకు, ఒక స్టూలు. టికెట్టు 499 రూపాయలు. మా నాయన జీతమున్న రోజుల్లో అంత రొక్కం ఒక్కసారి చేతిలో చూసి ఎరగడు.

మైకు పట్టిన పిల్లగాడు హుషారైనోడు. ట్రాఫిక్ మీద, పెళ్లిచూపుల మీద నవ్వించాడు. నేనూ నవ్వాను. అట్లా నవ్వుతుండగానే రిజర్వేషన్ డాక్టరు కథ ఎత్తుకున్నాడు. లక్షల్లో ర్యాంకు వచ్చినోడు ఆపరేషన్ చేస్తే పేషెంటుకు స్వర్గంలో సీటు గ్యారంటీ అట. గదంతా ఘొల్లుమంది. తెరిచిన నోరు తెరిచినట్టే, నేను కూడా నవ్వాను. పక్కకు చూస్తే మావాడు నవ్వడం లేదు. గ్లాసులో నీళ్లకేసి చూస్తున్నాడు. వాళ్లమ్మ మిర్చి కల్లాల్లో కూలికి పోయి వాడిని చదివించింది.

అంతలో ఆ పిల్లగాడు నా దిక్కు తిరిగి "అంకుల్, ఏ ఊరు?" అన్నాడు. "భద్రాచలం కాడ" అన్నా. "ప్రసాదం తెచ్చారా?" అన్నాడు. మళ్లీ నవ్వులు. నా దగ్గర జవాబుంది. బయటికి రాలేదు. ముప్పై ఏండ్లు బడిలో పాఠాలు చెప్పిన నోరు!

బయటికొచ్చినంక మావాడు ఒక్కటే మాటన్నాడు: "నువ్వు కూడా నవ్వినవ్ చిన్నాయనా."

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. 1986 ఆగస్టులో గోదావరి భద్రాచలం కాడ 75.6 అడుగులొచ్చింది. మా మాదిగ పల్లె మునిగింది. ఆ తర్వాతి ఎండాకాలం చిందోళ్లొచ్చి జాంబపురాణం ఆడారు. ఇండ్లు ఇంకా లేవలేదు, అయినా జనం తెల్లారిందాకా కూర్చున్నారు. బ్రాహ్మడు కులమడిగితే, భూమి పుట్టకముందే పుట్టిన జాంబవుని బిడ్డనని మనవాడు జవాబు చెప్తాడు. ప్రతి జవాబుకూ పల్లె విరగబడి నవ్వింది. దూరంగా మంచమేసుకుని కూర్చున్న దొర కూడా నవ్వాడు. తెల్లారి అదే దొర మా నాయనను "ఒరేయ్" అన్నాడు. కానీ నాయన ఆ జవాబును నాగలి వెనక పాడుకుంటానే పోయాడు. నేను గదిలో మింగింది ఆ జవాబే.

ఇంకో సంగతి కూడా చెప్పాలె. రాత్రంతా మమ్మల్ని నవ్వించిన చిందోళ్లకు తెల్లారి మేం గింజలు పెట్టాం. కానీ పంక్తిలో కూర్చోబెట్టలేదు. గడప అవతలే కూర్చోబెట్టినం. వాళ్లు మాకన్నా తక్కువ అట! ఆ పొద్దు నాకది తప్పనిపించలేదు.

1961లో చికాగోలో డిక్ గ్రెగరీ అనే నల్లజాతి కమెడియన్ దక్షిణాది తెల్ల వ్యాపారుల ముందు నిలబడి, వాళ్ల రంగు పిచ్చి మీదనే వాళ్లను నవ్వించాడు. మా అడవికి ఆవలి బస్తర్ నుంచి వచ్చిన దళిత కమెడియన్ మంజీత్ సర్కార్, తనను అంటరానివాడన్న కులం గురించి మైకు పట్టుకునే చెప్తున్నాడు. మైకు మంచిదీ కాదు, చెడ్డదీ కాదు. ఎవరి చేతిలో ఉందన్నదే లెక్క.

ఊరికి పోయే బస్సెక్కించేటప్పుడు మావాడన్నాడు: "అక్కడ్నే కొత్తోళ్లకు ఐదు నిమిషాలిస్తరు. నేను పేరిచ్చిన. ఆ జాంబపురాణం జవాబు చెప్పు, రాసుకుంట."

చెప్పాను. చెప్పి ఇంకో మాటన్నాను: "ముందు చిందోళ్లను మనం యాడ కూర్చోబెట్టినమో చెప్పు. తర్వాత ఈ జవాబు చెప్పు."

"దానికి ఎవరు నవ్వుతరు చిన్నాయనా?"

"నవ్వకపోతే నవ్వకపోనీయ్ బిడ్డా. నేనైతే ముందు వరసల కూర్చుంట."