మోడు ముంగిట మొలక

1998లో జపానునందలి నింటెండో సంస్థ వెలువరించిన 'ది లెజెండ్ ఆఫ్ జెల్డా: ఒకరీనా ఆఫ్ టైమ్' అను వీడియో క్రీడలో, కోకిరి వనమును కాచు డెకు మహావృక్షమొకటి కలదు. గానన్‌డార్ఫ్ అను దుష్టుని శాపము పురుగై దాని కడుపును తొలుచుచుండును. లింక్ అను బాలుడు లోపల ప్రవేశించి పురుగును చంపును. అయినను చెట్టు బ్రతుకదు. పిల్లల కథలో ఇంత నిర్దాక్షిణ్యమా అనిపించినది. పిదప అదియే నాకు నచ్చినది.

ఏడేండ్లు గడచి వనమునకు పట్టిన పీడ వదలగానే, ఆ మోడు ముంగిట బొద్దు మొలకయొకటి నేల చీల్చుకొని పైకి వచ్చును. లింక్ ఆ వనవాసుల బిడ్డ కాడనియు, యుద్ధమునుండి గాయములతో పారివచ్చిన తల్లి అతనిని వృక్షమునకు అప్పగించెననియు అదియే తెలుపును. మాను బ్రతికియుండగా పలుకని మాట! మొలకకు మాను గాంభీర్యము లేదు, మాట చిలిపి. హిందీనుండి తెలుగు చేయుచు ఏండ్లు గడపిన నాకు ఆ చిలిపితనము లోపముగా తోచలేదు. మూలమున అణగియున్న మాట తెలుగులోనే తొలిసారి వినబడిన దినములు నాకును కలవు.